రాజుగారి చేప పెరటి కొలనుకొచ్చింది

మత్స్యావతారం కథ మనందరికీ తెలిసిందే. ద్రవిడ దేశాన్ని ఏలే సత్యవ్రతుడు కృతమాలా నదిలో దిగి తర్పణం వదులుతుంటే దోసిట్లోకి నీళ్లతో పాటు ఒక చిన్న చేపపిల్ల వచ్చింది. మళ్లీ నీళ్లలోకి వదలబోతే, పెద్ద చేపలు మింగేస్తాయి, కాపాడమని వేడుకుంది. రాజు జాలిపడి కమండలంలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. తెల్లారేసరికి దానికి కమండలం చాల్లేదు. పెద్ద పాత్రలో వేస్తే అదీ చాల్లేదు. చెరువులో వేస్తే చెరువు చాల్లేదు. చివరికి సముద్రం దాకా మోసుకెళ్లాల్సి వచ్చింది.

చిన్నప్పుడు ఈ కథ వింటే దేవుడి మహిమ కనిపించేది. ఇద్దరు పిల్లల్ని పెంచాక వింటే సత్యవ్రతుడి అవస్థ కనిపిస్తోంది. నిన్న కొన్న బూట్లు ఇవాళ పట్టని పిల్లలున్న ఇళ్లలో ఆ కమండలం బాధ ఎవరికైనా అర్థమవుతుంది. ఒక్కటి మాత్రం గమనించండి. చేప పెరిగిన ప్రతిసారీ ఆయన దానికి ఇంకాస్త పెద్ద నీళ్లు వెతికిపెట్టాడే గానీ, "నేనడిగింది చిన్న చేపని కదా" అని విసుక్కోలేదు.

ఇలా పెరిగే చేప నిజంగానే ఉంది. పేరు స్టర్జన్. మన నదుల్లో ఉండదు. రష్యా, ఇరాన్, యూరప్, చైనా, ఉత్తర అమెరికా లాంటి ఉత్తరార్ధ గోళపు చల్లటి నదుల్లో, సముద్రాల్లో ఉంటుంది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన తిండి పదార్థాల్లో ఒకటైన కేవియర్ ఈ చేప గుడ్లే. ఒకప్పుడు రాజులకు తప్ప మరొకరికి దక్కని ఈ చేపని గత శతాబ్దం చివరి నుంచి యూరప్‌లో, ముఖ్యంగా ఇంగ్లండ్‌లో, పెరటి కొలనుల్లో పెంచుకోవడం మొదలుపెట్టారు. అంతఃపురం నుంచి పెరటి దాకా అది ఎలా వచ్చిందో చదువుతుంటే చేపల సంగతి కన్నా మనుషుల సంగతే ఎక్కువ తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చేప ఎలా ఉంటుందో చెప్పాలి. మన కొర్రమీనులాగానో బొచ్చెలాగానో ఊహించుకోకండి. దీనికి ఒంటి మీద మామూలు పొలుసులు ఉండవు. వీపు మీద ఒకటి, పక్కల రెండేసి చొప్పున ఐదు వరసల్లో ఎముక బిళ్లలు ఉంటాయి, కవచం తొడుక్కున్నట్టు. లోపలి అస్థిపంజరం మాత్రం చాలావరకు మెత్తటి మృదులాస్థి. మూతి ముందుకు సాగి ఉంటుంది, దాని కింద నాలుగు మీసాలు. ఆ మీసాలతో అడుగున బురద తడుముకుంటూ పోయి, కింది వైపున్న నోటితో పురుగుల్నీ నత్తల్నీ జుర్రుకుంటుంది. పెద్దయ్యాక పళ్లే ఉండవు. డైనోసార్లు తిరిగిన కాలానికే, అంటే ఇప్పటికి సుమారు 20 కోట్ల ఏళ్ల నాటికే, ఈ వంశం ఉందని శిలాజాలు చెబుతున్నాయి.

మన పులసకీ దీనికీ ఒక పోలిక ఉంది. పులస సముద్రంలో బతికి, గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదుకుంటూ వస్తుంది కదా. స్టర్జన్లలో చాలా జాతులూ అంతే. కాస్పియన్ సముద్రంలోనో నల్ల సముద్రంలోనో పెరిగి, వోల్గాలోకో డాన్యూబ్‌లోకో ఎక్కి గుడ్లు పెడతాయి. పుస్తెలమ్మైనా పులస తినాలని మనవాళ్లు అన్నట్టే దీని కోసమూ మనుషులు ఏమైనా చేశారు.

రోమన్ల కాలంలో సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి విందుల్లో ఈ చేపని పూలమాలలు వేసుకున్న సేవకులు పిల్లనగ్రోవి వాయించుకుంటూ తెచ్చి వడ్డించేవారట. మన ఇళ్లలో పెళ్లికొడుకుని ఎదుర్కొన్నట్టన్నమాట. ఇంగ్లండ్‌లో పద్నాలుగో శతాబ్దంలో రెండో ఎడ్వర్డ్ కాలం నాటి శాసనం తిమింగలాన్నీ స్టర్జన్నీ రాజుగారి సొత్తు చేసింది. ఎవరి వలలో పడ్డా ముందు రాజుకి చెప్పాల్సిందే. ఆ ఆనవాయితీ పోలేదు. 2004లో వేల్స్ తీరంలో ఒక జాలరికి సుమారు 120 కిలోల స్టర్జన్ దొరికితే, పద్ధతి ప్రకారం ఎలిజబెత్ రాణికి కబురు పెట్టాడు. రాణిగారు మీ ఇష్టం అన్నారు. తీరా అమ్మబోతే అది చట్టం కాపాడుతున్న జాతి అని తేలి పోలీసులు వచ్చారు. చివరికి ఆ చేప లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం చేరింది. ఆరొందల ఏళ్లలో వచ్చిన మార్పు అదే. అప్పుడు రాజు కోసం కాపాడేవాళ్లు, ఇప్పుడు చేప కోసమే కాపాడుతున్నారు.

దీన్ని పెంచాలన్న సరదా కూడా మొదట రాజులకే పుట్టింది. స్టర్జన్లలో స్టెర్లెట్ అని ఒక చిన్న జాతి ఉంది. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ది గ్రేట్ 1780 ప్రాంతంలో పొమరేనియాలోని ఒక సరస్సులో వీటిని వదిలించాడనీ, వాటిలో కొన్ని 1866లో ఇంకా బతికే ఉన్నాయనీ 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో ఉంది. స్టెర్లెట్ మామూలుగా పాతిక ఏళ్లకు అటూ ఇటూ బతుకుతుంది కాబట్టి, 1866లో కనిపించినవి ఆ చేపల మనవలో మునిమనవలో అయి ఉంటాయని నా ఊహ. ఏమైనా ఫ్రెడరిక్ 1786లోనే పోయాడు. రాజు ముచ్చటపడి పెంచుకున్నవాటిని తర్వాత ఎనభై ఏళ్లు ఎవరెవరో చూసుకోవాల్సి వచ్చింది. పెంపుడు చేపల చరిత్రలో నాకు బాగా గుర్తుండిపోయిన సంగతి ఇదే.

ఇక ఎంత పెరుగుతాయన్నది చూద్దాం. స్టెర్లెట్ మూడడుగుల దగ్గర ఆగుతుంది, కొన్ని ఇంకొంచెం పెరుగుతాయి. సైబీరియన్, రష్యన్ స్టర్జన్లు ఐదారడుగులు దాటగలవు. అమెరికా పశ్చిమ తీరంలోని వైట్ స్టర్జన్ పది పన్నెండు అడుగులు దాటుతుంది, వందేళ్లు బతకగలదు. అన్నిటికన్నా పెద్దది బెలూగా. 1827లో వోల్గా నది సముద్రంలో కలిసే చోట పట్టిన ఒక ఆడ బెలూగా పొడవు 7.2 మీటర్లు, బరువు 1,571 కిలోలని రికార్డు. అంటే దాదాపు 24 అడుగులు. మన ఇళ్లలో హాలూ పడగ్గదీ కలిపి కొలిస్తే వచ్చే పొడవు, రెండు చిన్న కార్ల బరువు. అదీ ఒకప్పుడు వేలెడు పిల్లే.

ఇంత బలమైన చేప మనుషుల చేతిలో ఎలా చితికిపోయిందంటే, కారణం దాని కడుపు. బెలూగా ఆడచేప మొదటిసారి గుడ్లు పెట్టడానికి పదహారు నుంచి ఇరవై ఏళ్ల దాకా పడుతుంది. అప్పుడైనా ఏటా పెట్టదు, మధ్యలో కొన్నేళ్లు విరామం తీసుకుంటుంది. ఆ గుడ్ల కోసమే దాన్ని చంపుతారు. కోడిగుడ్డులాగా పెట్టాక తీసుకోవడం కాదు, పెట్టబోయే తల్లిని కోసి తీసుకోవడం. ఇరవై ఏళ్లు ఎదిగి, నదికి ఎదురీది వచ్చిన తల్లి మొదటి కాన్పుకే పోతే ఇక జాతి ఎలా నిలుస్తుంది?

అమెరికాలో ఇది ఎంత వేగంగా జరిగిందో చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి నదుల్లో స్టర్జన్లు ఎంత ఎక్కువ ఉండేవంటే, హడ్సన్ నది పక్కన దాని మాంసాన్ని ఆల్బనీ బీఫ్ అని చవగ్గా అమ్మేవారు. సారా కొట్లలో కేవియర్ ఉచితంగా పెట్టేవారట. ఉప్పగా ఉంటుంది కదా, తింటే దాహమేసి ఇంకో గ్లాసు తాగుతారని. 1870ల నుంచి డెలావేర్ నది ఒడ్డున కేవియర్ వ్యాపారం పుంజుకుని పీపాలు పీపాలుగా యూరప్ వెళ్లింది. 1900 దాటేసరికి పట్టడానికి చేపలే మిగల్లేదు. ఒక తరంలో, అంటే ఒక ఆడ స్టర్జన్ పెద్దయి రెండు మూడుసార్లు గుడ్లు పెట్టే లోపల, అంతా అయిపోయింది.

రష్యా వైపు వేట కన్నా ఆనకట్ట పెద్ద దెబ్బ తీసింది. 1961లో వోల్గా మీద వోల్గోగ్రాడ్ దగ్గర జలవిద్యుత్ కేంద్రం పూర్తవడంతో, బెలూగాలు గుడ్లు పెట్టే ఎగువ ప్రాంతాలకు దారి మూసుకుపోయింది. 1972లో డాన్యూబ్ మీద ఐరన్ గేట్స్ ఆనకట్ట వచ్చింది. పుట్టింటికి పురిటికెళ్లే దారికి అడ్డంగా గోడ కట్టినట్టు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోయే పులస మనకు తెలుసు కాబట్టి ఇది వేరే చెప్పక్కర్లేదు.

దారి మూసేశాక సోవియట్ ప్రభుత్వం హేచరీలు పెట్టింది. స్టెర్లెట్ గుడ్లను చేత్తో ఫలదీకరించి పిల్లలు చేయించవచ్చని ఒవ్స్యాన్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1869లోనే చూపించాడు. ఆ విద్యే పెద్ద ఎత్తున వాడారు. సోవియట్ యూనియన్ కూలిపోయాక దొంగ వేట విపరీతమైంది. 1998 నుంచి అన్ని స్టర్జన్ జాతుల అంతర్జాతీయ వ్యాపారం మీదా సైటీస్ ఒప్పందం కింద అదుపు వచ్చింది. అడవి చేప గుడ్లు దొరకడం కష్టమయ్యేసరికి ఇటలీ, ఫ్రాన్స్, ఆ తర్వాత చైనా చెరువుల్లోనూ తొట్లలోనూ స్టర్జన్లను పెంచడం మొదలుపెట్టాయి.

ఈ ఫారాల్లో ఒక పద్ధతి ఉంది. స్టర్జన్ ఆడదో మగదో పైకి చూస్తే తెలియదు. అందుకని మూడు నాలుగేళ్లు పెంచాక ఒక్కోదానికీ అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేస్తారు. మగవని తేలినవి మాంసానికి పోతాయి. ఆడవాటిని ఉంచి, ఇంకా ఏళ్ల తరబడి మేపుతారు. చదివి కాసేపు ఆగిపోయాను. స్కానింగులో ఆడపిల్ల అని తేలితే సంతోషించే చోటు ఒకటి ఉందన్నమాట! కానీ ఆ సంతోషం దాన్ని చూసి కాదు, దాని కడుపులో పండబోయే గుడ్లను చూసి. మనకు కొత్త సంగతేం కాదు లెండి.

హేచరీల్లో పిల్లలు లక్షల్లో పుడుతుంటే వాటిలో కొన్ని పెంపుడు చేపల దుకాణాలకూ చేరాయి. రంగురంగుల కోయి చేపలను పెరటి కొలనుల్లో పెంచుకునే అలవాటు అక్కడ అప్పటికే ఉంది. వాటి పక్కన ఈ పాతకాలపు కవచం చేప వింతగా, అందంగా కనిపించింది. వేలెడు పిల్ల, నెమ్మదైన స్వభావం, దగ్గరకొస్తే చేతిని మీసాలతో తడుముతుంది. పిల్లలకు నచ్చకుండా ఎలా ఉంటుంది?

ఇబ్బందులు తర్వాత మొదలవుతాయి. స్టర్జన్ అడుగున తింటుంది, కోయి పైన తింటుంది. మామూలు తేలే మేత వేస్తే కోయిలు మొత్తం తినేస్తాయి, ఇది పస్తుంటుంది. దీనికి చేప, రొయ్యల పొడితో చేసిన బలమైన మేత, అదీ మునిగేది కావాలి. నీళ్లు చల్లగా ఉండాలి, ప్రాణవాయువు ఎక్కువగా ఉండాలి. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే తట్టుకోలేదు. ఎప్పుడూ ఈదుతూ ఉండే చేప కాబట్టి లోతు కన్నా వెడల్పూ పొడవూ ముఖ్యం. వెనక్కి ఈదడం దాదాపు చేతకాదు. కొలనులో దారాల్లా అల్లుకునే నాచులో మూతి ఇరుక్కుంటే బయటపడలేక చచ్చిపోతుంది. 20 కోట్ల ఏళ్లు బతికొచ్చిన వంశం పెరట్లో నాచుకి చిక్కి పోతుందంటే ఎలా ఉంటుందో చూడండి.

అక్కడా ఇక్కడా అందరూ చెప్పే మాట ఒకటుంది, తొట్టి ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుందని. అది నిజం కాదు. చిన్న తొట్టిలో చేప పెరగకపోతే, మురికి నీళ్లలో, చాలీచాలని మేతతో ఆరోగ్యం చెడి పెరుగుదల కుంగిందని అర్థం. కొన్నిటికి వెన్ను వంకర పోతుంది, ఆయుష్షు తగ్గుతుంది. ఇల్లు ఇరుకైతే పిల్లాడు పొట్టిగా ఉండిపోతాడని మనం అనుకోం కదా.

బాగా చూసుకుంటే ఏమవుతుందో తెలియాలంటే హెర్మన్ సంగతి చెప్పాలి. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో కొలంబియా నది పక్కన బాన్‌విల్ హేచరీ ఉంది. అక్కడి కొలనులో ఉండే వైట్ స్టర్జన్ పేరు హెర్మన్. పదడుగులు దాటిన పొడవు, సుమారు 500 పౌన్లు అంటే 225 కిలోల బరువు, ఎనభై ఏళ్లు పైబడిన వయసు. అద్దాల కిటికీ లోంచి చూడొచ్చు. పోర్ట్‌లాండ్ వైపు ఉన్న మన తెలుగువాళ్లలో పిల్లల్ని తీసుకెళ్లి చూపించినవాళ్లు ఉండే ఉంటారు. 2017లో ఆ లోయలో పెద్ద కార్చిచ్చు వచ్చినప్పుడు కూడా హెర్మన్ తన కొలనులోనే ఉండి బతికి బయటపడింది. అయితే దాని వెనక ఒక ప్రభుత్వ శాఖ ఉంది, ఎప్పుడూ పారే చల్లటి నీళ్లున్నాయి, ఒకరు రిటైరైతే ఇంకొకరు వచ్చే ఉద్యోగులున్నారు. ఎనభై ఏళ్ల చేపని ఒక ఇల్లు పెంచలేదు, ఒక సంస్థ పెంచాలి.

మరి ఇంట్లో పెరిగి పట్టకుండా పోయినవి ఎక్కడికి వెళ్తాయి? కొందరు పెద్ద కొలనులున్న వాళ్లకి ఇస్తారు. కొందరు చీకటి పడ్డాక నదిలో వదిలేస్తారు. వదిలేస్తే పుణ్యం అనుకుంటారు గానీ, అసలు ముప్పు అక్కడే ఉంది. 1999 డిసెంబరులో ఫ్రాన్స్‌లో పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఒక ఫారం నుంచి వేల సైబీరియన్ స్టర్జన్లు గిరోండ్ నదీముఖంలోకి కొట్టుకుపోయాయి. యూరోపియన్ స్టర్జన్ అనే స్థానిక జాతికి ప్రపంచంలో మిగిలిన చివరి చోటు అదే. ఎగువ డాన్యూబ్‌లో అయితే పరాయి సైబీరియన్ స్టర్జన్‌కీ స్థానిక స్టెర్లెట్‌కీ కలిసి సంకరం పిల్లలు పుట్టాయని శాస్త్రవేత్తలు గుర్తించారు. అసలే కొద్దిగా మిగిలిన జాతి అలా కలిసిపోతే, చేప ఉంటుంది గానీ ఆ చేప ఉండదు. 2022లో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్క చూస్తే గుండె బరువెక్కుతుంది. స్టర్జన్లూ, వాటి దగ్గరి చుట్టాలైన ప్యాడిల్ చేపలూ కలిపి మిగిలిన 26 జాతులూ ముప్పులోనే ఉన్నాయి. చైనా ప్యాడిల్ చేప ఇక లేదని అప్పుడే ప్రకటించారు.

ఎక్కడో చల్లటి దేశాల గొడవ మనకెందుకు అనిపించవచ్చు. మన అక్వేరియం దుకాణాల్లో "షార్క్" అని ఒక చిన్న వెండిరంగు చేపని అమ్ముతారు, చూసే ఉంటారు. అది షార్క్ కాదు, పంగాసియస్. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో టన్నుల లెక్కన పెంచి ముక్కలుగా అమ్మే చేప అదే. వదిలేస్తే నాలుగడుగుల దాకా పెరిగి, 40 కిలోలు దాటగలదు. రెండడుగుల గాజు తొట్టిలో వేయమని దాన్నే మన చేతికి ఇస్తున్నారు. అద్దాల మీద పాచి తింటుందని అమ్మే సక్కర్ చేప సంగతీ అంతే. పెద్దయ్యాక కాలవల్లో పారేస్తే పెరిగి పెరిగి, ఇప్పుడు మన జాలర్ల వలలు చింపుతోంది. దెయ్యం చేప అని పేపర్లలో వస్తోందే, అది అదే. దెయ్యం ఎక్కణ్నుంచో రాలేదు, మన హాల్లోంచే వెళ్లింది.

పిల్లలు చేపలు కావాలని అడిగితే వద్దనమని నేను చెప్పను. ఒక ప్రాణాన్ని చూసుకోవడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి పాఠం ఇంట్లో దొరకదు. కాకపోతే దుకాణంలో చేప రంగు చూడక ముందే మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎంత పెద్దదవుతుంది, ఎన్నేళ్లు బతుకుతుంది, అన్నేళ్లూ దీన్ని ఎవరు చూసుకుంటారు? మొదటి రెండిటికీ దుకాణం అతను జవాబు చెప్పలేకపోతే ఆ చేపని అక్కడే ఉంచి, గప్పీలో మాలీలో తెచ్చుకోండి. కొద్ది అంగుళాల దగ్గరే ఆగిపోతాయి, పాపం. మూడో ప్రశ్న మాత్రం దుకాణంలో కాదు, ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి అడగాలి. నెల తిరక్కుండా ఆ తొట్టి కడిగే పని ఎవరి మీద పడుతుందో మీకూ నాకూ తెలుసు కాబట్టి, జవాబు గట్టిగా వినిపించే దాకా డబ్బులు తీయకండి.